విశాఖలో బొమ్మల వెంట: బీచ్ రోడ్డు నుంచి ఏటికొప్పాక మీదుగా భీమిలి దాకా

బుధవారం, బీచ్ రోడ్డు

ఎండ చల్లబడ్డాక, సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఆర్కే బీచ్ దగ్గర దిగితే పని సులువు. టికెట్ లేకుండా చూడగలిగిన విగ్రహాలు ఈ రోడ్డు పొడుగునా ఉన్నాయి. కవులు, నాయకులు, సినిమావాళ్లు, వాళ్ల నడుమ గురజాడ. ఎవరిని నిలబెట్టాలన్నది ఎప్పటి ప్రభుత్వం అప్పుడు తేల్చుకుంటుంది. మెడలో దండ ఎండిపోయిందా, తాజాగా ఉందా అన్నదాన్ని బట్టి ఈ వారం ఎవరి జయంతో తెలిసిపోతుంది.

ముందు దేనితో చేశారో చూడాలి. కంచు విగ్రహాన్ని కణుపులతో తడితే గంట ఛాయ ఉన్న శబ్దం వస్తుంది. ఫైబర్ గ్లాసుని తడితే డొల్లగా పలుకుతుంది, చెవుల వెనకో చంకల కిందో అతుకు గీత కూడా దొరుకుతుంది. కంచు ఉప్పుగాలికి పచ్చబడుతుందే కానీ పాడవదు. ఫైబర్ మీద పూసిన కంచురంగు మాత్రం నాలుగు వానాకాలాలు గడిచేసరికి పొరలుగా లేస్తుంది, లోపలి తెలుపు బయటపడుతుంది. సిమెంటు విగ్రహాలది మరో గొడవ. నెర్రెల్లోంచి ఉప్పు దిగి లోపలి ఇనుప చువ్వ తుప్పు పడుతుంది, తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి సిమెంటును బయటికి నెడుతుంది. వేళ్లు, కళ్లజోళ్లు, చేతికర్రలు ముందుగా ఊడిపోయేది అందుకే. మహనీయుడికి రంగు వేయించే బడ్జెట్ దొరుకుతుంది గానీ చువ్వ మార్పించే బడ్జెట్ దొరకదు.

ఇదే రోడ్డు మీద దేశం కూడా నిలబడి ఉంది. 1971 యుద్ధంలో నౌకాదళ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఒకటి, ఇసుక మీదికి లాగిన కురుసుర జలాంతర్గామి ఒకటి. కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడుగు, లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరగాల్సిందే. వివరించి చెప్పేది నౌకాదళంలో పనిచేసి దిగినవాళ్లు. తెలుగు కుటుంబం వస్తే తెలుగులో, బెంగాలీ టూరిస్టులు వస్తే హిందీలో, ఒక్క ఊపిరిలో మార్చేస్తారు. కొంచెం అవతల విశాఖ మ్యూజియం ఉంది, పాత డచ్చి బంగళాలో. 1942 ఏప్రిల్లో జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసినప్పుడు పేలకుండా మిగిలిన బాంబు అక్కడే చూడొచ్చు. కురుసురకి సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

ఈ ఐదు రోజులూ చేతిలో ఉంచుకోవలసిన ప్రశ్న ఈ రోడ్డు మీదే దొరుకుతుంది. ఈ బొమ్మ ఎవరు చూడాలని చేశారు, డబ్బు ఎవరు కట్టారు? ‘మన ముఖం’ అని ఎవరైనా ఏదైనా చూపించినప్పుడు ఈ రెండూ అడగకపోతే సగమే చూసినట్టు.

చీకటి పడ్డాక ముంత మసాలా తినాలి. మరమరాలు, ఉల్లి, టమాటా, నిమ్మరసం, వేరుశనగలు, ముప్ఫై నలభై రూపాయలు. కారం తక్కువ వెయ్యమని కలపకముందే చెప్పాలి, కలిపాక చెప్తే బండి అబ్బాయి నవ్వి ఊరుకుంటాడు.

గురువారం, బురుజుపేట, పూర్ణా మార్కెట్

వన్ టౌన్‌కి పొద్దున్నే వెళ్లాలి. బురుజుపేట కనకమహాలక్ష్మికి గురువారం ముఖ్యం, మార్గశిర మాసంలో వచ్చే గురువారాలైతే మరీనూ. అప్పుడు క్యూ వీధులు దాటుతుంది. మామూలు గురువారం గంటలోపే దర్శనం అవుతుంది. అమ్మవారికి పైకప్పు లేదు, ఎండా వానా నేరుగా పడతాయి. పూజారి చేతికి ఇవ్వనక్కర్లేదు, భక్తులే పసుపు కుంకుమ పట్టుకెళ్లి తమ చేత్తో అభిషేకం చేసుకుంటారు. పసుపునీళ్లు కారి కారి రాతి ముఖం నిగనిగలాడుతుంటుంది, ఆ పచ్చదనంలో కళ్లొక్కటే గట్టిగా కనిపిస్తాయి. ఈ ముఖాన్ని బాగా చూసి పెట్టుకోండి, రేపు పని ఉంది.

అక్కణ్ణుంచి పూర్ణా మార్కెట్‌కి ఆటోలో పది నిమిషాలు. షేర్ ఆటో అయితే ఇరవై, ఒంటరిగా ఎక్కితే ఎనభైతో మొదలుపెట్టి అరవైకి దిగుతాడు. పూల వరసలో కూర్చున్న పెద్దవయసు ఆడవాళ్ల కొప్పులు చూడాలి. వెనక్కి లాగి, ఒక పక్కకి వాల్చి, నూనె రాసి బిగించిన ముడి, దాని చుట్టూ ఒకటిన్నర వరస కనకాంబరం. కొందరి ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఇంకా ముందు తరం వాళ్లకి అడ్డబాస అనే ముక్కు నగ. ఫోటో తీసే ముందు అడగాలి. అడిగితే ‘ఫోటో ఏటికి బాబూ, పూలు కొను’ అంటారు. మూర ముప్ఫై పెట్టి కొన్నాక వాళ్లే కొంగు సర్దుకుని కూర్చుంటారు. అడగకుండా ఫోను ఎత్తినవాణ్ణి మాత్రం పక్క కొట్టువాళ్లు కూడా కలిసి తిడతారు. తప్పులేదు.

మార్కెట్ చుట్టుపక్కల సందులు సరుకు లారీలతో ఇరుకు. పాతపోస్టాఫీసు వైపు వెళ్లాలనుకుంటే మ్యాపుని నమ్మకండి, నడిచేదారిని కారు దారిగా చూపిస్తుంది. ‘కోటవీధి ఎటండీ’ అని అడిగితే చెయ్యి పట్టుకుని మలుపు దాకా తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు.

శుక్రవారం, యూనివర్సిటీ కొండ మీద

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది. శిల్పి జి. రవీందర్ రెడ్డి పాఠాలు చెప్పింది ఇక్కడే. 1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలో, తర్వాత లండన్‌లో చదివి, విశాఖలో స్థిరపడ్డాడు. ఆయన చేసిన ఆడవాళ్ల తలలు లోకమంతా తిరిగాయి. మనిషి కన్నా ఎత్తైన తల, బంగారు ముఖం, రెప్ప వెయ్యని పెద్ద కళ్లు, ఎర్రటి పెదవులు, వెనక్కి వెళ్లి చూస్తే ఇంకో శిల్పం అనిపించే కొప్పు. ‘తార’, ‘దేవి’ లాంటి పేర్లు. నిన్న పూర్ణా మార్కెట్లో చూసిన కొప్పు, బురుజుపేటలో చూసిన కళ్లు రెండూ ఆ తలల్లోనే ఉంటాయి. బంగారు రంగుని చాలామంది గుడి బంగారంగా చదువుతారు. పసుపునీళ్లు కారిన రాయిని చూసినవాళ్లకి అది పసుపుగానే కనిపిస్తుంది, నాకు ఆ రెండో చదువే నచ్చుతుంది.

ఇంత పెద్ద తలని ఫైబర్ గ్లాసుతో ఎలా పోస్తారో తెలిస్తే ఆ నునుపు విలువ తెలుస్తుంది. ముందు ఇనుప చట్రం మీద బంకమట్టితో తల తయారవుతుంది. దాని మీద ప్లాస్టర్‌తో ముక్కలుగా మూస తీస్తారు. ముక్కు కింద, చెవి వెనక, కొప్పు మడతల దగ్గర మూస ఇరుక్కోకుండా విడిరావాలి కాబట్టి ముక్కల విభజన అక్కడే ఆలోచించుకోవాలి. మూస లోపల మైనం పట్టించి, ముందు జెల్‌కోటు అనే నునుపు పైపొర, అది జిగురుగా ఉండగానే రెజిన్‌లో తడిపిన గాజునార చాప. చదరపు మీటరుకి 450 గ్రాముల చాప మూడు పొరలు వేస్తే మామూలు తలకి సరిపోతుంది, పెద్దదానికి లోపల పక్కటెముకల్లా పట్టీలు కావాలి. ప్రతి పొర మీదా రోలరుతో గాలి బుడగలు తరమాలి. బుడగ మిగిలితే ఏడాది తర్వాత ఎండకి అక్కడే పొక్కుతుంది.

రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్, రెజిన్ బరువులో ఒకటి నుంచి రెండు శాతం. విశాఖలో మే నెలలో ఒకటి దాటితే బక్కెట్లోనే వేడెక్కి గడ్డకడుతుంది, మందంగా పోసినచోట పగుళ్లిస్తుంది. వానాకాలంలో తేమకి పైపొర జిగురు ఆరకుండా సతాయిస్తుంది. అందుకే డిసెంబరు, జనవరి ఇక్కడి శిల్పులకి పంటకాలం. ఆ తర్వాత అతుకులు పూడ్చి, 120 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 800 దాకా నీళ్లతో రుద్ది, కార్లకి వేసే పెయింటు స్ప్రే చేస్తారు. బంగారు రేకు అంటించే చోట జిగురు పూసి, వేలికి అంటీ అంటకుండా ఉండే దశ దాకా ఆగాలి. ముందే వేస్తే రేకు మునిగిపోయి మెరుపు చస్తుంది, ఆలస్యమైతే పట్టదు. అసలు బంగారం బదులు ఇత్తడి రేకు వేసినవాళ్లు పైన వార్నిష్ మరిస్తే, సముద్రగాలికి ముఖం కొన్ని నెలల్లోనే నల్లబడుతుంది.

ఆ తల ఎవరిది? సూర్యాపేట తెలంగాణలో ఉంది, పని చేసింది విశాఖలో. 2014 తర్వాత ఈ లెక్కలు కొత్తగా పుట్టాయి. తోట వైకుంఠం గీసిన పెద్ద బొట్టు ఆడవాళ్లని ఇప్పుడు అందరూ తెలంగాణ ముఖం అంటున్నారు. ముప్ఫై ఏళ్ల కింద అవే బొమ్మల్ని తెలుగు ముఖం అనేవారు. బొమ్మలు మారలేదు, గోడలు మారాయి. ఉత్తరాంధ్ర పల్లె మనుషుల్ని గీసిన అంట్యాకుల పైడిరాజు పేరు మాత్రం ఈ పంపకంలో ఏ వాటాకీ రాకపోవడం అన్యాయం.

దేశాన్ని ఆడమనిషిగా గియ్యడం కొత్త కాదు. అవనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో గీసిన భారతమాత నాలుగు చేతులతో, కాషాయంలో, సన్యాసినిలా ఉంటుంది. వందేళ్ల తర్వాత కళాకారిణి పుష్పమాల ఎన్. అలాంటి క్యాలెండరు భారతమాత వేషం తనే కట్టి ఫోటో దిగింది. నగలూ కిరీటమూ త్రివర్ణమూ అన్నీ పద్ధతిగానే ఉంటాయి, కానీ లోపలున్నది ఫలానా మనిషని తెలుస్తుంటుంది కాబట్టి చూసేవాడికి ఇబ్బంది మొదలవుతుంది. మరో కళాకారిణి శిల్పా గుప్తా ఇంకో దారి పట్టింది. ‘ఇక్కడ సరిహద్దు లేదు’ అని ఇంగ్లీషులో అచ్చేసిన పసుపు టేపుని గోడకి జెండా ఆకారంలో అంటించింది. టేపు సరిహద్దు గియ్యడానికే కదా వాడతారు.

ఫైన్ ఆర్ట్స్ విభాగం ప్రింట్ల గదిలో ఒక విద్యార్థి చేస్తున్న పని వీటన్నిటికన్నా దగ్గరగా తగిలింది. తండ్రి వేలిముద్రని రెండడుగుల లినోలియం పలక మీద చెక్కుతున్నాడు. ఏళ్ల తరబడి వల తాళ్లు లాగి వేలి గీతలు అరిగిపోయాయి, రేషన్ దగ్గర మిషను ముద్ర తీసుకోదు. ఆ అరిగిన చోట్లని పలక మీద చెక్కకుండా నున్నగా వదిలేశాడు. ఎత్తుగా మిగిలిన భాగానికే ఇంకు పడుతుంది కాబట్టి అచ్చులో అవి నల్లటి మచ్చలుగా వస్తాయి. పలక మీద ఉన్నది కాగితం మీదికి కుడిఎడమలు తారుమారై దిగుతుంది. అందుకని కాగితం మీది ముద్రని తిప్పి పలక మీదికి ఎక్కించాలి, లేకపోతే అచ్చులో వచ్చేది ఆ మనిషి వేలిముద్ర కాదు. సముద్రపు తేమకి నూనె ఇంకు ఆరడానికి మూడు రోజులు పడుతుంది, ఆరకముందే దొంతి పెడితే ఒక తండ్రి వేలిముద్ర ఇంకో కాగితం వీపు మీద పడుతుంది. పది ప్రతులు తీస్తాడట, అమ్మితే ఒక్కోటి పదిహేను వందలు. ‘నాన్నకి చూపించావా’ అంటే, ‘ఇంత పెద్ద వేలేటిరా అన్నాడండి’ అన్నాడు.

క్యాంపస్ బయట మధ్యాహ్నం భోజనం నూట ఇరవై. వడ్డించేవాళ్లు ‘ఇంకాస్త ఏద్దుమా’ అంటూనే అన్నం పెట్టేస్తారు, చెయ్యి అడ్డం పెట్టడం ఒక్కటే మార్గం.

శనివారం, ఏటికొప్పాక

లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాకకి, తుని వైపు వెళ్లే బస్సెక్కి అనకాపల్లి, ఎలమంచిలి దాటాక అడ్డరోడ్డులో దిగాలి. కండక్టరుకి ముందే చెప్పండి. నిద్రపోతే నక్కపల్లిలో లేస్తారు, వెనక్కి ఆటోకి వందకి పైనే. అడ్డరోడ్డు నుంచి చెరకుతోటల మధ్యగా ఊళ్లోకి. ఇదంతా ఎస్.రాయవరం మండలం, గురజాడ 1862లో పుట్టిన ఊరు ఆ రాయవరమే. దేశభక్తి మీద గేయం రాసినాయన ఊరికి ఇంత దగ్గర్లోంచి, 2025 గణతంత్ర దినోత్సవానికి రాష్ట్ర శకటంగా ఏటికొప్పాక బొమ్మలే ఢిల్లీ వెళ్లి మూడో బహుమతి తెచ్చాయి. ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతలు కర్తవ్యపథ్ మీద రాష్ట్రం ముఖమయ్యాయి. అంతకు ముందే, 2017లో భౌగోళిక గుర్తింపు, 2023లో ఈ ఊరి సి.వి. రాజుకి పద్మశ్రీ. రసాయన రంగులు ముంచెత్తిన కాలంలో మళ్లీ గింజలు, వేర్లు, ఆకుల రంగులకి తిప్పిన పని ఆయనది.

కర్ర అంకుడు. తెల్లగా, మెత్తగా, ముడులు లేకుండా ఉంటుంది. కొట్టి తెచ్చాక నీడలో నెలల తరబడి ఆరాలి. పచ్చికర్ర మీద లక్క పట్టినట్టే పట్టి, కర్ర ముడుచుకోగానే పెచ్చు లేస్తుంది. లక్కని బొగ్గుల కుంపటి మీద మెత్తబరిచి, రంగు కలిపి, పాకం సాగదీసినట్టు లాగి మడిచి, మళ్లీ లాగి మడిచి, చార లేకుండా ఒకే రంగు వచ్చేదాకా చేసి కడ్డీలుగా చుడతారు. పసుపుకి పసుపే, నారింజకి జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు, ఆకుపచ్చకి పసుపు నీలిమందు కలిపి. కాక ఎక్కువైతే రంగు మాడి గోధుమలోకి తిరుగుతుంది.

లేత్ మిషను మీద కర్ర తిరుగుతుండగా ఉలితో ఆకారం తీసి, ఎమరీ పట్టి, లక్క కడ్డీని నొక్కి పట్టుకుంటారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది, వేరే నిప్పు అక్కర్లేదు. తిరుగుడు మందగిస్తే లక్క గింజలు గింజలుగా నిలుస్తుంది. చివర ఎండు మొగలి ఆకు నొక్కితే ఎగుడుదిగుడులు సర్దుకుని అద్దంలా వస్తుంది. ఆకు పట్టిన వేళ్లు చూడండి. బొటనవేలు కింద ఆకుని రెండు మడతలు పెట్టి, దాని అంచుని మాత్రమే ఆనిస్తారు. మొత్తం ఆనిస్తే వేలు కాలుతుంది, లక్క లాగేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి. లేత్ మీద గుండ్రనివే వస్తాయి. గిన్నె, బొంగరం, డబ్బా, గిలక్కాయ. మనిషి బొమ్మ కావాలంటే గుండ్రటి ముక్కలు విడివిడిగా తీసి చీలలతో బిగించాలి, ముక్కూ చేతులూ వేరే చెక్కాలి, కళ్లు కుంచెతో వెయ్యాలి. అందుకే ఏటికొప్పాక వెంకటేశ్వరుడు గానీ పెళ్లికూతురు గానీ దూరం నుంచే గుర్తుపట్టేలా ఉంటారు. ఆ పోలిక మిషను ఇచ్చింది. పట్నం నుంచి వచ్చేవాళ్లు దేవుళ్లే అడుగుతున్నారని, దేవుళ్లకే ధర పలుకుతుందని చేసేవాళ్లు చెప్తారు. నన్నడిగితే ఈ ఊరి ముఖం బొంగరంలోనే ఉంది. దాని మీద రంగు పట్టీల అంచులు కలవకుండా ఆపడానికి చేతికి పదేళ్లు పడుతుంది, అలాంటిది నలభై రూపాయలకి ఇస్తారు. పిడతల సెట్టు మూడొందల నుంచి ఆరొందలు. పెద్ద దేవుడు నాలుగు వేలు దాటుతాడు. బేరం ఆడొద్దు. రోడ్డు మీద షోరూముల్లో కాకుండా ఇంటి అరుగు మీద పని జరుగుతున్నచోట కొంటే డబ్బు నేరుగా చేతికి అందుతుంది.

కొనేటప్పుడు గోటితో అంచున గీరి చూడండి. పెయింటు అయితే పొరలా లేస్తుంది, లక్క లేవదు. కళ్లు జిగేల్మనిపించే గులాబీ, చిలకపచ్చ కనిపిస్తే అవి ఆకూ గింజలవి కావని అనుకోవచ్చు. కారు అద్దం దగ్గర ఎండలో వదిలేయకండి, లక్క మెత్తబడి కవరు అంటుకుపోతుంది. ఊళ్లో హోటల్ కోసం వెతక్కుండా ఎలమంచిలిలో తినేసి రండి. అనకాపల్లిలో దిగగలిగితే కొత్త బెల్లం కిలో తెచ్చుకోండి, నల్లగా ఉన్నదే తీసుకోండి.

ఆదివారం, భీమిలి

900కె సిటీ బస్సు సముద్రం పక్కనే తీసుకెళ్తుంది, కుడివైపు సీటు పట్టుకోవాలి. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, అంతకు రెండొందల ఏళ్ల ముందు డచ్చివాళ్లు దిగిన రేవు. వాళ్ల సమాధులు గడియార స్తంభానికి నడిచే దూరంలో ఉన్నాయి. రాళ్ల మీద చెక్కిన అక్షరాలు పొద్దున ఏటవాలు ఎండలోనే చదవడానికి వస్తాయి, నడిమధ్యాహ్నం ఏమీ కనిపించదు.

డచ్చివాళ్లు కోరమాండల్ తీరం నుంచి అద్దకం బట్టలు కొని, ఇండోనేషియా దీవుల్లో మసాలా దినుసులకి మార్చేవారు. తర్వాతి శతాబ్దాల్లో అదే దీవుల మైనపు అద్దకం బాతిక్‌ని హాలండ్‌లో మిషన్ల మీద అనుకరించి పశ్చిమాఫ్రికాలో అమ్మారు. ఇప్పుడది ఆఫ్రికా బట్ట. లండన్‌లో పుట్టి లాగోస్‌లో పెరిగిన కళాకారుడు యింకా షోనిబారే, ఆ బట్టతోనే ఇంగ్లీషు దొరల కోట్లు, గౌన్లు కుట్టి బొమ్మలకి తొడుగుతాడు. భీమిలి రేవులో నిలబడితే ఆ కోట్ల దారంలో ఒక కొస ఈ తీరానికి చెందిందనిపిస్తుంది.

విశాఖ కంసాలులు కూడా ఇలాంటి బేరంలోనే పేరు తెచ్చుకున్నారు. 18వ శతాబ్దంలో కంపెనీ అధికారుల కోసం చేసిన పెట్టెలు, కుర్చీలు, బల్లలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గంధపు చెక్క పెట్టె, పైన పలచటి దంతపు రేకులు, దంతం మీద సన్నటి గీతలు, గీతల్లో కరిగించి నింపిన నల్ల లక్క. అంచున మన అద్దకం పూలతీగ, మధ్యలో దొరగారిచ్చిన అచ్చుబొమ్మ చూసి చెక్కిన ఇంగ్లీషు మేడ. చలిదేశంలో గది ఎండిపోయినప్పుడు చెక్క ఒకలా, దంతం ఒకలా ముడుచుకుని రేకులు లేచిపోతాయి, మ్యూజియంవాళ్ల తంటా అంతా అదే. దంతం వ్యాపారం మీద నిషేధం వచ్చాక ఆ పని మళ్లీ మొదలయ్యే దారి లేదు. ఉండాలని కూడా లేదు. గీతలో లక్క నింపే నేర్పు మాత్రం ఇప్పటి విద్యార్థులు కర్ర మీదో కొమ్ము మీదో పట్టుకుంటే బావుండును.

గోస్తనీ కలిసేచోటికి మధ్యాహ్నం పడవలు ఒడ్డుకొస్తాయి. ఆదివారం చందువా ధర కొండెక్కి ఉంటుంది. చేప కొని ఇస్తే వేయించిపెట్టే పాకలు ఉన్నాయి, వేపుడుకి విడిగా నూట యాభై తీసుకుంటారు. నూనె కొత్తదా అని అడిగితే కోపగించుకోరు, మూకుడు వంచి చూపిస్తారు. సాయంత్రం ఐదు దాటాక తిరుగు బస్సుల్లో నిలబడటానికే చోటుండదు, నాలుగింటికే బయల్దేరండి.